జిర్కోనియా క్యాప్ ప్లానింగ్: మౌస్ పట్టకముందే తేలిపోయే లెక్కలు

"క్యాప్ లూజుగా ఉంది, డిజైన్ సరిచేసి మళ్ళీ పంపండి." తిరుపతి ల్యాబ్‌లకు క్లినిక్‌ల నుంచి తరచూ వచ్చే ఫోను ఇది. ల్యాబ్‌లో కుర్రాడు ఫైలు తెరుస్తాడు, సిమెంట్ గ్యాప్ కాస్త తగ్గిస్తాడు, ఇంకో క్యాప్ కోసి పంపుతాడు. ఈసారి క్యాప్ పన్ను మీద పూర్తిగా కూర్చోదు. మళ్ళీ ఫోను. గ్యాప్ పెంచుతాడు. మూడోది కూర్చుంటుంది గానీ మళ్ళీ ఊగుతుంది. ఈలోగా పేషెంటు పలమనేరు నుంచి మూడుసార్లు బస్సెక్కి వచ్చి ఉంటాడు. తప్పు మాత్రం మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ఎందుకంటే అది డిజైన్‌లో పుట్టిన తప్పు కాదు.

కంప్యూటర్‌లో క్యాప్ ప్లాన్ చేయడమంటే బయటికి బొమ్మ గీస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఖాళీల లెక్క. క్యాప్‌కీ లోపలి పన్నుకీ మధ్య సిమెంట్‌కి ఎంత, పక్క పన్నుతో ఎంత, ఎదురు పన్నుతో ఎంత, కోసే బర్ తిరగడానికి ఎంత. నాలుగు ఖాళీలు. మొదటి రెండూ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. మిగతా రెండూ డాక్టరు కుర్చీ దగ్గరే ఖాయమైపోతాయి. ఎగ్జోక్యాడ్ అయినా 3షేప్ అయినా వాటిని పుట్టించలేవు. ఈ పోస్టులో 46ని, అంటే కింది కుడివైపు మొదటి పెద్ద దవడ పన్నుని, ఉదాహరణగా తీసుకుంటాను. రూట్ కెనాల్ అయింది, పోయిన భాగాన్ని కాంపోజిట్‌తో కట్టి కోర్ నిలబెట్టారు, పైన మోనోలిథిక్ జిర్కోనియా క్యాప్, అంటే మొత్తం ఒకే ముక్కగా కోసిన గట్టి తెల్ల సెరామిక్ క్యాప్, వేయాలి. మన దగ్గర రోజూ ఎక్కువగా వచ్చే కేసు ఇదే.

పన్ను అరగదీసేటప్పుడే

క్యాప్ లోపలి భాగాన్ని చివరగా తొలిచే బర్ చాలా మిల్లుల్లో, అంటే క్యాప్ కోసే మిషన్లలో, 0.6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. జిర్కోనియాను పూర్తిగా కాల్చకముందు, మెత్తగా ఉన్న దశలోనే కోస్తారు. కొలిమిలో ముడుచుకుంటుంది కాబట్టి అసలు సైజుకి 20 నుంచి 25 శాతం పెద్దదిగా కోస్తారు. అందువల్ల 0.6 బర్ తొలిచిన గాడి కాలాక 0.49 దగ్గరికి వస్తుంది. లిథియం డైసిలికేట్ అనే గ్లాస్ సెరామిక్‌కి ఈ సౌకర్యం లేదు. దాని బ్లాకు ముడుచుకోదు, బర్ ఎంతో గాడీ అంతే. క్లినిక్‌లో పెట్టుకునే చిన్న మిల్లుల్లో ఆ బర్ కొస 1 మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది. అంటే ఒకే ప్రిపరేషన్, అదే అరగదీసిన పన్ను ఆకారం, జిర్కోనియాకి సరిపోయి, గ్లాస్ సెరామిక్‌కి సరిపోకపోవచ్చు. మెటీరియల్ ఏదో తేల్చుకున్నాకే బర్ పట్టాలనేది అందుకే.

ఇప్పుడు పన్ను మీద ఒక అంచు పదునుగా మిగిలిందనుకోండి. ముందు పళ్ళలో కొస, దవడ పళ్ళలో పక్క గోడ పైకి వచ్చి నమిలే తలాన్ని కలిసే మూల, ఇవే ఎక్కువగా దొరుకుతాయి. ఆ అంచు మందం 0.3 అయితే, క్యాప్ లోపల 0.3 గాడి కావాలి. బర్ అందులో పట్టదు. సాఫ్ట్‌వేర్‌కి రెండే దారులు. బర్ సైజు సర్దుబాటు ఆన్‌లో ఉంటే ఆ చోట అవసరానికి మించి తొలుస్తుంది: క్యాప్ కూర్చుంటుంది, కానీ అక్కడ గోడ పలచన, సిమెంట్ మందం. ఆఫ్‌లో ఉంటే మూలలో మెటీరియల్ మిగిలిపోతుంది: క్యాప్ ఆ ఒక్క అంచు మీద నిలబడి అటూ ఇటూ ఊగుతుంది, మార్జిన్, అంటే క్యాప్ పన్నుతో కలిసే అంచు, చుట్టూ తెరుచుకుంటుంది. డాక్టరు "లూజు" అనేది చాలాసార్లు ఈ ఊగడాన్నే. దానికి గ్యాప్ తగ్గిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మందు ఒక నిమిషం పని. ప్రిపరేషన్ అయిపోయాక సన్న గ్రిట్ ఫినిషింగ్ డైమండ్‌తో ప్రతి మూలనీ గుండ్రం చేయడం. మార్జిన్‌ని 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల షామ్ఫర్‌గా (గుండ్రటి వాలు అంచుగా), గుండ్రటి కొస బర్‌తో చేయడం. బర్ సగం మందం దాటి లోపలికి వెళితే మార్జిన్ బయటి అంచున సన్నటి పెదవి ఒకటి లేచి నిలబడుతుంది. కంటికి కనబడదు, స్కానర్ మాత్రం పట్టుకుంటుంది. ఆ పెదవి మీద మార్జిన్ లైన్ గీస్తే క్యాప్ అంచు గాల్లో తేలుతుంది. మనం జాగ్రత్తగా అరగదీసిన చోటే కొత్త తలనొప్పి.

ఎత్తు తగ్గించడం సంగతి. 46లో బుగ్గ వైపు కస్పులే (నమిలే తలం మీది మొనలే) బరువు మోసేవి, అక్కడ 1.5 మిల్లీమీటర్లు, మిగతా చోట్ల 1 తగ్గించాలి. కంటితో చూసి చాలనుకుంటే దాదాపు ఎప్పుడూ ఒకచోటే దెబ్బతింటుంది: వెనక వైపు, 47కి (వెనక పక్క పన్నుకి) ఆనుకుని ఉన్న మూల. అక్కడికి హ్యాండ్‌పీస్ తల సరిగా పట్టదు, నోరు అంతగా తెరుచుకోదు, ముందు భాగం బాగా తగ్గి వెనక భాగం 0.5 దగ్గరే ఆగిపోతుంది. ముందే లోతు చూపే గాళ్ళు (డెప్త్ గ్రూవ్‌లు) పెట్టుకుని మొదలుపెడితే ఇది రాదు. చివర్లో మెత్తటి మైనం ముక్క కొరికించి, ఆ ముక్క మందాన్ని గేజ్‌తో కొలిస్తే సందేహమే ఉండదు. ఇప్పటి స్కానర్లు చాలావాటిలో పేషెంటు కుర్చీలో ఉండగానే ఎదురు పన్నుతో దూరాన్ని రంగుల్లో చూపించే సదుపాయం ఉంది. ఎరుపు కనబడితే అప్పుడే దిద్దాలి. ల్యాబ్‌కి చేరాక ఆ ఎరుపుకి మిగిలేవి రెండే: పలచటి క్యాప్, లేదా ఎదురు పన్నుని అరగదీయడం. రెండోదానికి పేషెంటు అనుమతి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక అసలైన లూజుతనం. సిమెంట్ చేశాక కొన్ని నెలలకి క్యాప్ ఊడి చేతిలోకి వచ్చిందంటే మొదట చూడాల్సింది పన్ను ఎత్తూ గోడల వాలూ. ఎదురెదురు గోడల వాలు కలిపి 6 నుంచి 12 డిగ్రీలు ఆదర్శం అంటారు. దవడ పళ్ళ దగ్గర చేతి పనిలో అది 20కి చేరడం మామూలే. పన్ను ఎత్తు 4 మిల్లీమీటర్లు ఉంటే 20ని కూడా నెట్టుకు రావచ్చు. ఎత్తు 2.5, వాలు 25 అయితే ప్రపంచంలో ఏ డిజైనరూ దాన్ని నిలబెట్టలేడు. పక్క గోడల్లో గాళ్ళు పెట్టి పట్టు పెంచాలి, లేదా చిగురు తగ్గించి పన్ను ఎత్తు పెంచాలి. అరిగిపోయిన పొట్టి పళ్ళ మీద, ముఖ్యంగా వక్కలు కొరికే అలవాటున్నవాళ్ళలో, ఈ లెక్క ముందే వేసుకోవాలి.

స్కాన్

స్కానర్‌కి పన్నేదో చిగురేదో తెలియదు. వెలుతురు తగిలి వెనక్కి వచ్చిన ప్రతి తలమూ దానికి ఒకటే. నెత్తురు చుక్క, ఉమ్మి పొర, చిగురు మడత, అన్నీ గట్టి వస్తువులే. పాత పద్ధతిలో అచ్చు తీసే రబ్బర్ బేస్ కొంచెం తోసుకుని లోపలికి వెళ్ళేది. వెలుతురు అలా తోసుకు వెళ్ళదు. మార్జిన్ చిగురు కింద ఉన్నప్పుడు కార్డ్ ప్యాకింగ్ (చిగురుని పక్కకి జరిపే దారం పెట్టడం) తప్పించుకోవడం కుదరనిది ఇందుకే. ముందు 000 కార్డ్ అడుగున పెట్టి, దాని మీద 0 లేదా 1 పెట్టి, అల్యూమినియం క్లోరైడ్‌తో నాలుగైదు నిమిషాలు ఆగి, పై కార్డ్ తడిగా ఉండగానే తీసి, గాలితో ఆరబెట్టి వెంటనే స్కాన్ చేయాలి. అడుగు కార్డ్ అలాగే ఉంటుంది. స్కాన్ అయ్యాక దాన్ని తీయడం మరిచిపోకూడదు. మార్జిన్ చిగురు పైనే ఉంచగలిగితే ఇదంతా అక్కర్లేదు. జిర్కోనియాకి నల్ల గీత కనబడే బాధ లేదు కాబట్టి దవడ పళ్ళలో మార్జిన్ కిందికి దించాల్సిన పని చాలాసార్లు ఉండదు. మెటల్ సెరామిక్ రోజుల అలవాటు చేతుల్లో మిగిలిపోయింది, అంతే.

ఒక చోటుని దగ్గరగా చూద్దాం: 46 నాలుక వైపు వెనక మూల. నాలుక అడ్డం, ఉమ్మి ఊరే చోటు, స్కానర్ తల అక్కడికి వాలుగా మాత్రమే చేరుతుంది. ఫైలులో ఆ మూలకి రెండు మూడు మిల్లీమీటర్ల మేర డేటా లేదనుకోండి. స్కాన్ ముగించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ రంధ్రాన్ని పక్క అంచుల్ని బట్టి తనే పూడ్చేస్తుంది. పూడ్చిన చోటు నున్నగా, అందంగా ఉంటుంది. అక్కడ ఉన్నది పన్ను కాదు, సాఫ్ట్‌వేర్ ఊహ. ల్యాబ్‌లో రంగు ఆపేసి, త్రిభుజాల జాలీ మాత్రమే పెట్టి చూస్తే దొరికిపోతుంది. నిజంగా స్కాన్ అయిన చోట త్రిభుజాలు చిన్నవి, దట్టంగా ఉంటాయి. పూడ్చిన చోట పెద్దవి, పొడుగ్గా సాగి ఉంటాయి. అలాంటి ఫైలు వస్తే డిజైన్ మొదలుపెట్టకుండా డాక్టరుకి స్క్రీన్‌షాట్ పంపడమే మర్యాద. పేషెంటు ఇంకా రేణిగుంట దాటి ఉండడు, వెనక్కి పిలిపించవచ్చు.

ఫైలు రకం గురించి ఒక మాట. ఎస్‌టీఎల్ ఫార్మాట్ 1987 నాటిది. అందులో త్రిభుజాలు తప్ప రంగు ఉండదు, కొలత మిల్లీమీటరా అంగుళమా అనేదీ ఉండదు. పీఎల్‌వైలో రంగు వస్తుంది. చిగురు ఎరుపూ పన్ను తెలుపూ విడిగా కనబడితే మార్జిన్ గీయడం సగం తేలిక. స్కానర్‌లో రెండూ ఉంటే పీఎల్‌వై పంపమని అడగండి.

బైట్ స్కాన్‌లో, అంటే పై కింది పళ్ళు కొరికినప్పుడు కలిసే తీరుని స్కాన్ చేయడంలో, పోయేంత కేసులు ఇంకెక్కడా పోవు. ఇంజెక్షన్ ఇచ్చి దవడ మొద్దుబారాక "కొరకండి" అంటే పేషెంటు ఎటు కొరికాడో ఆయనకే తెలియదు. అందుకని ఒక క్రమం పెట్టుకుంటే మేలు. ఇంజెక్షన్‌కి ముందే పై వరస, కింది వరస, రెండు వైపులా బైట్ స్కాన్ చేసేయాలి. తర్వాత ఆ ఫైలులో 46 వరకు మాత్రం చెరిపి, అరగదీసిన పన్నుని అక్కడ కలపాలి. పైగా పాత పన్ను ఆకారం కూడా చేతిలో ఉంటుంది, డిజైన్‌లో కాపీ చేసుకోవచ్చు. పరీక్ష కూడా తేలికే: నోట్లో పక్క పళ్ళు 47, 45లకీ వాటి ఎదురు పళ్ళకీ మధ్య 8 మైక్రాన్ల షిమ్‌స్టాక్ ఫాయిల్ పెట్టి కొరికించి లాగితే పట్టుకుంటోందా? పట్టుకుంటే తెర మీద కూడా అక్కడ స్పర్శ కనబడాలి. తెర మీద 0.3 ఖాళీ చూపిస్తే బైట్ తప్పు. ఆ 0.3 మొత్తం కొత్త క్యాప్ ఎత్తుగా వచ్చి కూర్చుంటుంది, డాక్టరు సగం క్యాప్ అరగదీస్తాడు, తిట్లు ల్యాబ్‌కి.

పక్క పళ్ళ స్పర్శ తలాలు కూడా పూర్తిగా రావాలి. 45 వెనక, 47 ముందు. అరగదీసిన పన్ను మీద స్కానర్ పదిసార్లు తిప్పి, పక్క పళ్ళ దగ్గర ఒక్క చుట్టుతో సరిపెడితే కాంటాక్ట్ అంతా ఊహే. మామిడికాయల కాలంలో పీచు ఇరుక్కుంటోందని పేషెంటు వచ్చేది ఈ కేసులోనే.

తెర మీద

ఆర్డర్ ఫారంలో పన్ను నంబరు దగ్గరే ఒక ఉచ్చు. కొందరు డాక్టర్లు ఇంకా పాత పద్ధతిలో గడి గీసి 6 రాస్తారు. ఆ గడిలో కుడి ఎడమలు పేషెంటువి, చూసేవాళ్ళవి కావు. ఫోన్‌లో "కింద కుడి ఆరు" అని చెప్పి, ఫారంలో 36 అని పడితే సాఫ్ట్‌వేర్ తన లైబ్రరీలోని రెడీమేడ్ ఎడమ పన్ను ఆకారం తెచ్చి కుడి పన్ను మీద పెడుతుంది. కస్పులు అటువి ఇటు. దిద్దే బదులు ఆర్డర్ రద్దు చేసి 46తో మళ్ళీ మొదలుపెట్టడమే త్వరగా అయ్యే పని.

మార్జిన్ లైన్‌ని సాఫ్ట్‌వేర్ తనంతట తానే గీస్తుంది. నమ్మవచ్చు, కానీ పూర్తిగా కాదు. పన్ను నుంచి చిగురుకి మలుపు పదునుగా ఉన్నచోట అది దాదాపు తప్పదు. మలుపు మెత్తగా ఉన్నచోట, నెత్తురు గడ్డకట్టిన చోట, చిగురు మీదికి ఎక్కేస్తుంది. పన్నుని తెర మీద పెద్దది చేసి, ఒక్కో వైపు తిప్పుతూ, అడ్డకోత తీసి చూడాలి. లైన్ షామ్ఫర్ బయటి అంచు మీద ఉండాలి, దాని వాలు మీద కాదు, కింద చిగురు మీద కాదు. 0.1 మిల్లీమీటరు లోపలికి జరిగితే క్యాప్ పొట్టి. బయటికి జరిగితే అంచు పొడుచుకొచ్చి చిగురు వాస్తుంది. నోట్లో 120 మైక్రాన్ల వరకు మార్జిన్ ఖాళీని అంగీకరించవచ్చని 1971లో మక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ చెప్పిన లెక్క ఇప్పటికీ అందరూ ఎత్తిచూపుతారు. అది గరిష్ఠ హద్దు. గీతని అజాగ్రత్తగా గీయడానికి ఇచ్చిన రాయితీ కాదు.

తర్వాత క్యాప్ దిగే దిశ. సాఫ్ట్‌వేర్ అండర్‌కట్లని (క్యాప్ దిగకుండా అడ్డుపడే వంపుల్ని) రంగులో చూపిస్తుంది. 46 వంటి పన్ను సాధారణంగా నాలుక వైపు కాస్త వాలి ఉంటుంది కాబట్టి దిశని కొద్దిగా తిప్పితే రంగు పోతుంది. కోర్ కాంపోజిట్‌లో గుంటలు మిగిలి ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని పూడ్చేసి లెక్కవేస్తుంది, అక్కడ సిమెంట్ నిండుతుంది, ఫరవాలేదు. అయితే పక్క పళ్ళు 46 వైపు ఒరిగి ఉంటే చూడాలి. లోపల సరిపోయినా ఆ రెండు పళ్ళ మధ్య నుంచి క్యాప్ దిగదు.

సిమెంట్ గ్యాప్‌లో ఒక్క అంకె పెట్టి వదిలేయడం సరి కాదు. మార్జిన్ నుంచి 1 మిల్లీమీటరు ఎత్తు వరకు 0.01 నుంచి 0.02, ఆ పైన 0.06 నుంచి 0.08. ఎందుకంటే అతికించే గ్లాస్ అయోనమర్ సిమెంట్ పొర మందం ప్రమాణాల ప్రకారమే 25 మైక్రాన్ల దాకా ఉండవచ్చు, రెసిన్ సిమెంట్‌కి 50 దాకా. పైన ఆ మాత్రం చోటు లేకపోతే సిమెంట్ బయటికి పారదు, క్యాప్ పైకి తేలుతుంది. కింద ఆ ఇరుకు లేకపోతే సిమెంట్ గీత నోట్లో బయటపడుతుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. ప్రతి మిల్లుకీ ప్రతి కొలిమికీ తన సొంత తేడా ఉంటుంది. కొత్త మిల్లు వచ్చినప్పుడు, స్పిండిల్ మార్చినప్పుడు ఒక పరీక్ష డై (పన్ను నమూనా) మీద 0.04, 0.06, 0.08లతో మూడు కాపింగ్‌లు (పలచటి తొడుగులు) కోసి చూసి, నచ్చినదాన్ని ఖాయం చేయాలి. ఆ తర్వాత కేసుకో అంకె మార్చకూడదు. బిగుతుగా ఉందని ఒకసారి, లూజని ఒకసారి మారుస్తూ పోతే అసలు తప్పు ఎక్కడుందో ఇక ఎప్పటికీ దొరకదు.

లైబ్రరీ పన్ను ఆకారం విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది. తెర మీద లోతైన గాళ్ళు, నిటారు కస్పులు చూడముచ్చటగా ఉంటాయి, వాట్సాప్‌లో ఫొటో పెడితే మెచ్చుకుంటారు. అరవై ఏళ్ళ రైతు నోట్లో మిగతా పళ్ళన్నీ అరిగి చదునుగా ఉంటే, వాటి మధ్య ఇరవై ఏళ్ళ కుర్రాడి పన్ను పెట్టడం హై పాయింట్లని (ఎత్తుగా తగిలే చోట్లని) కొనితెచ్చుకోవడమే. పక్కనున్న 47ని చూసి కస్పుల ఎత్తు దించాలి. కళ్ళెదుట 36 బాగుంటే దాన్నే అద్దంలో తిప్పి 46గా వాడుకోవచ్చు. పైగా గాడి అడుగున జిర్కోనియా పలచబడుతుంది. ఎత్తు 1.2 ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే, నడిమి గాడి కింద 0.6 తేలుతుంది. కనీస మందం హెచ్చరికని దవడ పళ్ళకి 1 దగ్గర పెట్టుకోవడం మంచిది. 3 మోల్ శాతం ఇట్రియా ఉన్న 3వై జిర్కోనియా 900 మెగాపాస్కల్స్ పైబడి తట్టుకుంటుంది కాబట్టి కొంత సర్దుకోవచ్చు. అపారదర్శకత తగ్గిన 5వై రకం అందం కోసం చేసింది, బలం దాదాపు సగానికి దిగుతుంది. డాక్టరు "బాగా ట్రాన్స్‌లూసెంట్‌గా కావాలి" అని రాసి 0.7 మందం ఇస్తే ఫోను చేసి అడగాల్సిందే.

కాంటాక్ట్‌ని సున్నా దగ్గర పెట్టాక, పాలిషింగ్‌లో పోయేది కలుపుకుని 0.02 నుంచి 0.03 బిగుతుగా ఉంచుతారు. ఎదురు పన్నుతో సున్నా, లేదా 0.05 వదులు. ఇక్కడ అంతకు మించి చెప్పడానికి లేదు. బైట్ సరైనదైతే ఈ అంకెలు పనిచేస్తాయి, కాకపోతే ఏ అంకే పనిచేయదు.

బ్రిడ్జి అయితే కనెక్టర్, అంటే పళ్ళని ఒకదానితో ఒకటి కలిపే భాగం, చూడాలి. దవడ పళ్ళలో మూడు యూనిట్ల జిర్కోనియా బ్రిడ్జికి 9 చదరపు మిల్లీమీటర్లు, ముందు పళ్ళకి 7 అని తయారీదార్లు సాధారణంగా అడుగుతారు. తెర మీద 9 కనబడగానే పచ్చరంగు వస్తుంది, అందరూ ముందుకెళ్ళిపోతారు. కానీ 3 వెడల్పు 3 ఎత్తు ఉన్న కనెక్టరూ 9యే, 2.5 వెడల్పు 3.6 ఎత్తూ 9యే. నమిలే బరువు పైనుంచి వస్తుంది కాబట్టి బలం ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: మొదటిదానికి 27, రెండోదానికి 32.4. వంగకుండా ఉండే గుణం ఎత్తు ఘనాన్ని బట్టి: 81కి 116.6. అదే మెటీరియల్, అదే వైశాల్యం, 44 శాతం బిగువు. కనెక్టర్ పక్కకి లావెక్కిస్తే బ్రష్ దూరే చోటూ పోతుంది, బలమూ రాదు. పళ్ళు పొట్టిగా ఉండి 3 ఎత్తు కూడా దొరకకపోతే జిర్కోనియా వద్దని, కోబాల్ట్ క్రోమియం మెటల్ మీదికి వెళ్ళమని చెప్పడం ప్లానింగ్‌లో భాగమే.

మిల్లు, కొలిమి

జిర్కోనియా డిస్క్ వ్యాసం 98 మిల్లీమీటర్లు, మందాలు 10 నుంచి 25 వరకు. 9 ఎత్తున్న క్యాప్‌ని 1.23తో గుణిస్తే 11.07. పన్నెండు డిస్క్‌లో దూరుతుంది కదా అని పెడితే పైనా కిందా కలిపి ఒక మిల్లీమీటరు కూడా మిగలదు, 14 తీసుకోవాలి. పొరల రంగున్న మల్టీలేయర్ డిస్క్ అయితే క్యాప్‌ని పైకి జరిపితే కొస వైపు పారదర్శకం ఎక్కువ, కిందికి జరిపితే షేడ్ ముదురు. ఏ2 అడిగిన కేసు ఏ3గా వచ్చిందంటే డిస్క్ తప్పే కానక్కర్లేదు, నెస్టింగ్‌లో (డిస్క్‌లో క్యాప్‌ని అమర్చడంలో) ఎత్తు చూడండి. పట్టుకునే సపోర్టులు బుగ్గ వైపు, నాలుక వైపు ఉబ్బెత్తు మీద పెట్టాలి. మార్జిన్ దగ్గరా కాంటాక్ట్ మీదా పెడితే తెంచేటప్పుడు అక్కడే పోతుంది.

ప్రతి డిస్క్ మీదా దాని విస్తరణ అంకె రాసి ఉంటుంది. బ్యాచ్ మారితే అంకె మారుతుంది. పాత డిస్క్ 1.23, కొత్తది 1.24, మార్చకుండా కోసేశారనుకోండి. పెద్ద తేడాలా అనిపించదు. 10 మిల్లీమీటర్ల క్యాప్ కాలాక 9.92 అవుతుంది. ఆ 80 మైక్రాన్లు మనం ఒక గోడ దగ్గర పెట్టిన గరిష్ఠ సిమెంట్ గ్యాప్‌తో సమానం. 28 మిల్లీమీటర్ల బ్రిడ్జిలో అదే తేడా 0.23కి చేరుతుంది, ఇక అది ఏ పన్ను మీదా దిగదు. వరసగా రెండు మూడు కేసులు బిగుతుగా వచ్చాయంటే డిజైనర్‌ని అడిగే ముందు డిస్క్ లేబుల్ చూడటం మంచిది.

మిల్లు దగ్గర గాలి తేమ ఇంకో శత్రువు. కంప్రెసర్‌కి డ్రయ్యర్ లేకపోతే వానాకాలంలో గాలితోపాటు నీటి తుంపర వచ్చి, జిర్కోనియా పొడి బర్‌కి పేస్టులా అంటుకుంటుంది, మార్జిన్ చిట్లుతుంది. అరిగిన బర్ కూడా అదే పని చేస్తుంది. గ్లాస్ సెరామిక్ తడి మిల్లింగ్‌కి మన బోరు నీళ్ళు వద్దు. ఉప్పు పేరుకుని నాజిళ్ళు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటరే పోయండి.

సింటరింగ్ (కొలిమిలో కాల్చడం) సాధారణంగా 1450 నుంచి 1550 డిగ్రీల మధ్య, మామూలు సైకిల్ చల్లారడంతో కలిపి ఎనిమిది గంటల పైమాటే. అందరూ రాత్రికి పెట్టి వెళ్ళిపోతారు. ఎండాకాలం రాత్రి కరెంటు పోతే? మామూలు ఇన్వర్టర్ కొలిమిని మోయదు. పై ఉష్ణోగ్రత దగ్గర ఉండాల్సినంతసేపు ఉండక ముందే చల్లారితే జిర్కోనియా పూర్తిగా ముడుచుకోదు. పొద్దున తీసి చూస్తే క్యాప్ సుద్దలా తెల్లగా, అనుకున్నదానికన్నా పెద్దగా ఉంటుంది. దాన్ని మళ్ళీ కాల్చి ఇచ్చేయాలనే ఆశ పుడుతుంది. ఇవ్వకండి, ఫైలు ఎలాగూ ఉంది, ఇంకోటి కోయడమే చవక. కొలిమి ప్యానెల్‌లో రికార్డు చూసే సదుపాయం ఉంటే పొద్దునే ముందు దాన్ని చూడాలి, క్యాప్ రంగు చూసి ఊహించడం కన్నా అది నయం. తడిగా ఉన్న క్యాప్‌ని, రంగు ద్రావణంలో ముంచినదాన్ని, ఆరకుండా కొలిమిలో పెడితే పగుళ్ళు వస్తాయి.

నోట్లో

చూసుకునే వరస ముఖ్యం. ముందు కాంటాక్ట్‌లు, తర్వాత లోపలి ఫిట్, తర్వాత మార్జిన్, అన్నిటికన్నా చివర బైట్. కాంటాక్ట్ బిగుతుగా ఉండి క్యాప్ పూర్తిగా దిగకపోతే బైట్ ఎత్తుగానే కనిపిస్తుంది. తొందరపడి పైన అరగదీస్తే, కాంటాక్ట్ సరిచేశాక క్యాప్ ఎదురు పన్నుకి అందకుండా పోతుంది. లోపల ఎక్కడ తగులుతోందో తెలియాలంటే ఫిట్ చెకర్ సిలికాన్ పోసి కూర్చోబెట్టండి, సిలికాన్ చిరిగి లోపలి జిర్కోనియా బయటపడే చోటే అడ్డు. పైన దిద్దాక జిర్కోనియా పాలిషింగ్ కిట్‌తో అద్దంలా నున్నగా చేయకుండా పంపకూడదు. గరుకు జిర్కోనియా ఎదురు పన్నుని అరగదీస్తుంది.

ట్రయల్ చూసినప్పుడు ఉమ్మి తగులుతుంది, అందులోని ఫాస్ఫేట్ జిర్కోనియాకి అంటుకుని బాండింగ్‌ని పాడుచేస్తుంది. దాన్ని కడగడానికి ఎచింగ్ జెల్ వాడేవాళ్ళున్నారు. అది ఫాస్ఫారిక్ యాసిడ్, అంటే ఇంకాస్త ఫాస్ఫేట్ పూసినట్టే. 50 మైక్రాన్ల అల్యూమినాతో 1 నుంచి 2 బార్ ఒత్తిడిలో బ్లాస్ట్ చేయాలి, లేదా జిర్కోనియా కోసమే ఉన్న క్లీనర్ వాడాలి, తర్వాత ఎండీపీ (జిర్కోనియాకి అంటుకునే రసాయనం) ఉన్న ప్రైమర్. లిథియం డైసిలికేట్ దారి వేరు: 5 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 20 సెకన్లు, ఆపైన సైలేన్. ఈ రెండూ తారుమారైతే క్యాప్ ఊడి వస్తుంది, నింద మళ్ళీ డిజైన్ మీదికే.

దర్శనానికి వచ్చి, ఉన్న రెండు రోజుల్లో క్యాప్ వేయించుకుని వెళ్ళిపోదామనుకునే పేషెంట్లు మన ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు. అసాధ్యం కాదు. ఒకే సిట్టింగ్‌లో సెరామిక్ పని చేయడం జ్యూరిక్‌లో మోర్మన్, బ్రాండెస్టినీ 1985లో మొదలుపెట్టిందే. గ్లాస్ సెరామిక్ బ్లాకు కోశాక 840 డిగ్రీల దగ్గర స్ఫటికీకరణకి అరగంట చాలు. వేగంగా కాల్చే కొలిములుంటే జిర్కోనియా కూడా అదే రోజు వస్తుంది, డిస్క్ ఆ వేగానికి తగినదని తయారీదారు చెప్పి ఉంటేనే. కానీ రూట్ కెనాల్ నిన్ననే అయి, నొప్పి ఇంకా తగ్గని పన్నుకి ఈ హడావుడి వద్దు. అదే స్కాన్ ఫైలు నుంచి పీఎంఎంఏ (ప్లాస్టిక్) టెంపరరీ క్యాప్ ఒకటి కోసి వేసి, ఫైలు వాళ్ళ ఊరి డాక్టరుకి మెయిల్ చేయండి. పంపేటప్పుడు రెండు వరసలు, బైట్, అరగదీయకముందు స్కాన్ నాలుగూ ఉండాలి. పన్ను నంబరు, మెటీరియల్, షేడ్, మార్జిన్ ఎక్కడెక్కడ చిగురు కింద ఉందో రాయాలి. అక్కడి డాక్టరు పన్నుని కొంచెమైనా మళ్ళీ అరగదీస్తే మాత్రం ఈ ఫైలు చెల్లదు, కొత్త స్కాన్ తీయాల్సిందే.